అప్‌డేట్: ఎక్స్‌పోర్ట్‌లో మసకబారే గీతల సమస్య పరిష్కారమైంది

కోఆర్డినేట్లన్నీ పూర్ణాంకాలే అయినా, ఎస్‌వీజీలో (గీతలను కోఆర్డినేట్లతో వర్ణించే వెక్టర్ ఫార్మాట్) గీసిన 24 పిక్సెళ్ల ఐకాన్‌ను పీఎన్‌జీగా, అంటే పిక్సెళ్లతో కూడిన చిత్రంగా మార్చినప్పుడు సన్నని గీతలు మసకగా వస్తున్నాయని ఇంతకుముందు అడిగాను, కారణం తెలిసింది. ఎస్‌వీజీలో స్ట్రోక్ (గీత మందం) పాత్‌కు (గీత వెళ్లే దారికి) ఇరువైపులా సమానంగా పరచుకుంటుంది కనుక, ఎక్స్ విలువ 10 వద్ద గీసిన 1 పిక్సెల్ నిలువు గీత 9.5 నుంచి 10.5 వరకు వ్యాపించి, పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లను సగం సగం ఆక్రమిస్తుంది. అంచులు నునుపుగా కనిపించేలా చేసే యాంటీ అలియాసింగ్ ఆ రెండింటికీ లేత రంగు వేస్తుంది. గీతను 10.5కు జరిపితే ఒకే పిక్సెల్ పూర్తిగా నిండుతుంది. 2 పిక్సెళ్ల గీతలు మాత్రం పూర్ణాంకం మీదే ఉండాలి.

అయినా ఒక గీత మొండికేసింది. ఎస్‌వీజీ ఫైల్‌లోని కోడ్‌ను చూపే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎడిటర్‌లో చూడగా, దాని గ్రూపుకు 0.3 మేర పక్కకు జరిపే ట్రాన్స్‌ఫామ్ కనిపించింది. పాత్‌లోని అంకెలు ఎంత శుభ్రంగా ఉన్నా ఈ జరుపు వాటికి కలుస్తూనే ఉంటుంది. ఆ ట్రాన్స్‌ఫామ్‌ను తొలగించాక అదీ స్పష్టంగా వచ్చింది. వంపు గీతల అంచుల్లో కాస్త మసక మిగిలే ఉంది కానీ, అక్కడ అది అవసరమే అనుకుంటున్నాను.