పడిపోతున్న పెద్దావిడకి రక్తం పల్చన చేసే మందు ఆపాలా?

పల్లావరం: వయసు 82, బరువు 50 కిలోలు, బీపీ ఉంది. ఈసీజీలో ఏఎఫ్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం, దీంతో గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు) తేలింది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.1. రక్తం పల్చన చేసే అపిక్సాబాన్ 2.5 రెండు పూటలా వాడుతున్నారు. ఈ నెలలో బాత్రూమ్‌లో రెండుసార్లు జారిపడ్డారు. అది మానేసి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75 వేస్తే చాలంటున్నారు చుట్టాలు. మీరేమంటారు?

మాంబళం ఫార్మసీ: ఎకోస్ప్రిన్ ఊసే వద్దు. ఏఎఫ్ ఉండి 75 నిండినవాళ్ళ మీద ఇంగ్లండు, వేల్స్‌లలో చేసిన బాఫ్టా పరిశోధన 2007లో వచ్చింది. పక్షవాతంలాంటివి ఏడాదికి ఆస్పిరిన్‌తో నూటికి 3.8 మందికి వస్తే, అపిక్సాబాన్‌లాగే రక్తం పల్చన చేసే వార్ఫరిన్‌తో 1.8 మందికే వచ్చాయి. పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆస్పిరిన్‌కి మారితే పక్షవాతం నుంచి రక్షణ తగ్గుతుంది, రక్తస్రావం ముప్పు అలాగే ఉంటుంది.

తిరువాన్మియూర్: ఒప్పుకోను. పరిశోధనల్లోకి నెలకు రెండుసార్లు పడేవాళ్ళని ఎంతమందిని తీసుకుంటారు? తలలో రక్తం గడ్డకడితే ఆ లెక్కలు ఎవరిని కాపాడతాయి?

అడయారు నర్సు: భయం న్యాయమైనదే, మందు ఆపడం మాత్రం దానికి జవాబు కాదు. ముందు ఎందుకు పడుతున్నారో చూడండి. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 పడిపోతే బీపీ మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడాలి. నిద్రమాత్ర ఉంటే అదీ చెప్పండి. బాత్రూమ్ గోడకి పట్టుకునే కడ్డీ, రాత్రి లైటు ఈ వారంలోనే పెట్టించండి.

మాంబళం ఫార్మసీ: డోసు సరైనదే. 80 నిండటం, 60 కిలోలకు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా పైన ఉండటం: వీటిలో రెండుంటేనే 2.5. ఈవిడకి మొదటి రెండూ ఉన్నాయి. 65 కిలోలుంటే 5 వేయాలి. "పెద్దవాళ్ళు కదా" అని సగం చేస్తే పక్షవాతానికి తలుపు తీసినట్టే. ఇంకోటి, 1.1 చూసి కిడ్నీ బాగుందనుకోకండి. (140−82)×50ని 72×1.1తో భాగించి, ఆడవాళ్ళు కాబట్టి 0.85తో గుణిస్తే వచ్చే కిడ్నీ వడపోత నిమిషానికి 31 మి.లీ. మాత్రమే. మూడు నెలలకోసారి పరీక్ష చేయించండి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటే రక్తస్రావం అక్కడే మొదలవుతుంది.

తిరువాన్మియూర్: అయినా తలకి దెబ్బ తగిలితే?

అడయారు నర్సు: బాగానే ఉన్నట్టు కనిపించినా అదే రోజు సీటీ తీయించాలి. వారాల తర్వాత మగతగా ఉన్నా, నడక తూలినా మళ్ళీ చూపించాలి. ఇదివరకే తలలో రక్తస్రావమైనా, ప్లేట్‌లెట్లు 50 వేలలోపున్నా అప్పుడు ఆపడం గురించి కార్డియాలజిస్టే తేల్చాలి, మీ అంతట మీరు ఆపకండి.