పాపను చూపించకపోతే నెల ఖర్చు ఆపేయొచ్చా?

గాజువాక నాన్న:
నేరుగా విషయానికి వస్తాను. మాకు విడాకులై రెండేళ్లు. ఇద్దరం ఒప్పుకునే తీసుకున్నాం, కొట్లాటలేం లేవు. పాపకు ఇప్పుడు ఏడేళ్లు, వాళ్లమ్మ దగ్గరే ఉంటుంది. నెలకు పన్నెండు వేలు నేనివ్వాలి, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు పాప నా దగ్గర ఉండాలి, ఇదీ కోర్టులో రాసుకున్నది. డబ్బు ఒక్క నెల కూడా తప్పలేదు. ఆదివారాలు మాత్రం ఈ ఐదు నెలల్లో రెండే దక్కాయి. ఒకసారి జ్వరం అంటారు, ఒకసారి పరీక్షలు, ఒకసారి మేనమామ ఇంట్లో ఫంక్షన్. మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాను. చేతిలో మాడుగుల హల్వా, పాపకు అదంటే ప్రాణం. వాచ్‌మన్ కుర్చీ వేస్తానంటే వద్దన్నాను, ఇప్పుడే దిగుతుందిలే అనుకుని. ఫోన్ స్విచాఫ్. చివరికి హల్వా వాచ్‌మన్ మనవడి చేతిలో పెట్టి వచ్చేశాను. ఈ నెల డబ్బు వేయకూడదనుకుంటున్నాను. మాట ఇద్దరూ ఇచ్చాం, నేనొక్కడినే ఎందుకు నిలబెట్టుకోవాలి?

పెందుర్తి అమ్మ:
మీ బాధ అర్థమైంది అన్నయ్యా, కానీ ఆ పని చేయకండి. మా ఆయన సరిగ్గా ఇదే మాట చెప్పి పదకొండు నెలలు ఆపేశాడు. మా అమ్మ ఏదో అందని కోపం. కోపం మా అమ్మ మీద, దెబ్బ పడింది నా కొడుకు మీద. స్కూల్ వ్యాన్ మానిపించాను, పొద్దున నేనే నడిపించుకుని వెళ్లేదాన్ని. వాడి షూ ముందు భాగం నోరు తెరుచుకుంటే రాత్రి గమ్ పెట్టి, పైన రోకలి పెట్టి ఉంచేదాన్ని, తెల్లారేసరికి అతుక్కోవాలని. వానొస్తే మళ్లీ ఊడిపోయేది. వాడు ఒక్కసారి కూడా కొత్తవి అడగలేదు. అదే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. మీ పాప అన్నం, ఫీజు, మందులు ఆదివారంతో ముడిపెట్టకండి.

ఎన్ఏడీ నుంచి:
అందరూ నాన్నకే నీతులు చెప్తారు. డబ్బు ఇవ్వకపోతే వారంటు వస్తుంది, బిడ్డను చూపించకపోతే వాయిదా వస్తుంది. మా తమ్ముడి కేసులో పిటిషన్ వేసి ఎనిమిది నెలలైంది. మొదట వెకేషన్ అన్నారు, తర్వాత అవతలి లాయర్ రాలేదు, ఆ తర్వాత కౌన్సెలింగ్‌కి పంపారు. ఈలోగా పిల్లాడు వాడి ముఖమే మర్చిపోయాడు. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే అని హిందూ పిల్లల సంరక్షణ మీద వచ్చిన 1956 చట్టం, అది సరే. ఇద్దరికీ కలిపి కస్టడీ ఇచ్చేలా చట్టం మార్చమని లా కమిషన్ 2015లోనే రిపోర్టు ఇస్తే ఎవరు పట్టించుకున్నారు? తండ్రి చేతిలో మిగిలింది ఆ డబ్బొక్కటే. అది కూడా వదిలేయమంటే ఇంక వాడి మాట ఎవరు వింటారు?

వైజాగ్ జూనియర్ లాయర్:
ఆలస్యం గురించి మీరన్నది నిజం, నేను రోజూ చూస్తున్నదే. కానీ డబ్బు ఆపితే నష్టపోయేది ఆ తండ్రే. ఖర్చు వేరు, చూడటం వేరు, ఒకటి ఆగిందని రెండోది ఆపే హక్కు ఎవరికీ లేదు, తల్లికీ లేదు. పోషణ ఖర్చు ఇప్పించే పాత సీఆర్పీసీ 125 సెక్షన్ (2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144) కింద ఆర్డర్ ఉంటే బకాయికి వారంటు, కట్టకపోతే జైలు కూడా. జైలుకు వెళ్లొచ్చినా బాకీ అలాగే ఉంటుంది, 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీది ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న విడాకుల తీర్పు, అంటే హిందూ వివాహ చట్టం 13బి కింద డిక్రీ, దాని అమలుకు దారి వేరు. కానీ మీరు డబ్బు ఆపి రేపు ఆదివారాల కోసం కోర్టుకు వెళ్తే అవతలి లాయర్ మొదటి ప్రశ్నే "ఎన్ని నెలలుగా కట్టలేదు?" అని. ఇప్పటివరకు ఒక్క నెల తప్పలేదన్నారు చూడండి, మీ బలమంతా అక్కడే ఉంది, చేతులారా పోగొట్టుకోకండి. డిక్రీ ఇచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే ఆ షరతు అమలు చేయమని పిటిషన్ వేయండి. పోయిన ఆదివారాలకు బదులు రోజులు అడగండి, సెలవుల్లో వారం అడగండి. వీడియో కాల్ కూడా అడగండి, 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు దాని గురించి స్పష్టంగా చెప్పింది. ఏర్పాటే పనికిరాకపోతే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద డిక్రీ తర్వాత కూడా మార్చమని అడగొచ్చు.

పెందుర్తి అమ్మగారూ, మీ బకాయి సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చెప్పండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు.

మధ్యలో పెరిగినదాన్ని:
నాకిప్పుడు ఇరవై నాలుగు. మా అమ్మ నన్ను పంపలేదు, నాన్న డబ్బు ఆపేశారు. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇప్పటికీ ఇద్దరూ వేర్వేరుగా చెప్తారు. నాకు గుర్తున్నది ఒక్క మాట. "మీ నాన్న నీ ఫీజు కూడా కట్టడే" అని అమ్మ అనేది. అది అబద్ధమై ఉంటే పెద్దయ్యాక నాకు తెలిసిపోయేది, నాన్న దగ్గరకు పరిగెత్తేదాన్ని. కానీ అది నిజం. చాలా రోజుల తర్వాత కోర్టు వరండాలో బెంచీ మీద కలిపించారు, గంట టైమ్. నాన్న పసుపు గౌను తెచ్చారు. నాకు తొమ్మిదేళ్లు, ఆ గౌను ఆరేళ్ల పిల్లది. నా భుజానికి ఆనించి చూసి మడిచి కవర్లో పెట్టేశారు, ఏం మాట్లాడలేదు. అన్నా, మీ పాప మీకు దూరమవుతోందని భయపడుతున్నారు కదా, డబ్బు ఆపితే ఆ దూరానికి మీ చేతులతో మీరే ఒక కారణం ఇచ్చినట్టు.

పెందుర్తి అమ్మ:
ఇది చదివాక ఇంకో మాట చెప్పాలి. తల్లుల్లో కూడా తప్పుంది. నేనూ రెండుసార్లు జ్వరం అని అబద్ధం చెప్పాను, డబ్బు ఆగకముందే. వాణ్ణి పంపితే తిరిగి రానంటాడేమోనని భయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

గాజువాక నాన్న:
డబ్బు ఇందాకే వేశాను. ఏ నెల ఖర్చో కింద రాసి పంపాను. లాయర్ గారూ, ఇన్నాళ్లూ ఫోన్ చేసి అడగడమే తప్ప మెసేజ్ పెట్టలేదు, మరి రుజువు ఎలా?

వైజాగ్ జూనియర్ లాయర్:
ఇకనుంచి ముందు రోజు మెసేజ్ పెట్టండి, తిట్టు లేకుండా, "రేపు పదింటికి వస్తున్నాను" అని అంతే. ఈ నాలుగో ఆదివారం కూడా వెళ్లండి. రాదని తెలిసినా వెళ్లండి. గేటు రిజిస్టర్‌లో పేరు, టైమ్ రాయించండి. హల్వా ఈసారి వాచ్‌మన్ దగ్గర పాప పేరు రాసి ఇచ్చి రండి.