ప్రాచీన వియత్నాం చట్టాల్లో ఉన్నవి హక్కులా, రాజు చూపిన దయా?

ప్రశ్న:
15వ శతాబ్దపు లే రాజవంశం నాటి హోంగ్ డుక్ శిక్షాస్మృతి గురించి చదువుతున్నాను. 722 అధికరణాలున్న ఆ స్మృతిని వియత్నాంలో మానవ హక్కుల సంప్రదాయానికి ఆధారంగా చాలామంది చూపుతున్నారు. కన్ఫ్యూషియన్ రాచరికపు చట్టానికి ‘హక్కు’ అనే మాటను అన్వయించడం సబబేనా? అధికరణాల ఆధారంగా వివరించగలరు.

మొదటి సమాధానం:
అన్వయించవచ్చు గాని, తూచి వాడాలి. అందులోని రక్షణల్లో అధికభాగం ప్రజలకు దఖలుపడిన హక్కులుగా కాక, అధికారుల మీద మోపిన బాధ్యతలుగా కనిపిస్తాయి. దిక్కులేని వితంతువులకు, అనాథలకు, వికలాంగులకు ఆశ్రయం కల్పించని స్థానిక అధికారికి దెబ్బలు, హోదా తగ్గింపు తప్పవని 295వ అధికరణం చెబుతుంది. ఆ అనాథ స్వయంగా ఏమి అడగవచ్చో మాత్రం చెప్పదు. మరణశిక్ష పడిన గర్భిణికి ప్రసవమైన 100 రోజుల వరకు శిక్ష అమలు చేయరాదన్న నియమమూ ఈ కోవలోదే.

308వ అధికరణం మాత్రం వేరు. భర్త 5 నెలలపాటు భార్య ముఖం చూడకుండా వదిలేస్తే ఆమె స్థానిక అధికారికి విన్నవించుకోవచ్చు, అతడు భార్యను కోల్పోతాడు. పిల్లలుంటే గడువు ఏడాది. రాచకార్యం మీద దూరం వెళ్లినవారికి ఇది వర్తించదు. వదిలేసిన తరువాత ఆమె మరో పెళ్లికి అడ్డుపడితే అతడికే శిక్ష. ఈ స్మృతి ఎన్నో నియమాలను చైనా తాంగ్ స్మృతి నుంచి తెచ్చుకుంది గాని, ఇది అక్కడిది కాదు. బాధితురాలే కదిలి చట్టాన్ని కదిలించగలిగిన ఇలాంటి చోట ‘హక్కు’ అనడానికి నాకు సంకోచం లేదు.

రెండవ సమాధానం:
అదే స్మృతిలో, భార్యను కొట్టి గాయపరిచిన భర్తకు, పరాయివారిని కొట్టినప్పటి కంటే మూడు మెట్లు తక్కువ శిక్ష ఉందని మరువరాదు. రాజబంధువులకు, ఉన్నతాధికారులకు శిక్ష తగ్గించే ఎనిమిది వర్గాల వెసులుబాటు సరేసరి. పైగా, చైనా చింగ్ స్మృతిని దగ్గరగా అనుసరించి 1812లో వచ్చిన, న్గుయెన్ వంశపు చక్రవర్తి జియా లాంగ్ స్మృతి 398 అధికరణాల్లో ఆ 5 నెలల నియమానికి చోటే లేదు. రాజు మారితే రద్దయ్యేదాన్ని హక్కు అనాలా అన్నది నా సందేహం.

మూడవ సమాధానం:
చర్చ లే వంశం దగ్గరే ఆగరాదు. అంతకు ముందటి లీ వంశపు రాజు లీ థాయ్ టోంగ్ 1052లో, అన్యాయానికి గురై చెప్పుకునే దారిలేని వారు మోగించడానికి రాజప్రాంగణంలో పెద్ద గంట పెట్టించాడు. 1055 నాటి తీవ్రమైన చలిలో ఆ వంశపు తరువాతి రాజు లీ థాన్ టోంగ్ ఖైదీలకు దుప్పట్లు, రోజుకు రెండు పూటల భోజనం ఇప్పించాడు. రెండవది నిస్సందేహంగా దయే. మొదటిదాన్ని అంత తేలిగ్గా దయ అని తీసివేయలేము.

308వ అధికరణం గురించి ఒక చేర్పు. ఆ విన్నపానికి గ్రామాధికారి సాక్ష్యం కావాలి. ‘రాజు చట్టం ఊరి ఆచారానికి ఓడిపోతుంది’ అన్న సామెత ఉన్న దేశమది. కనుక ఆ స్త్రీ అర్జీ ముందుకు కదలడం రాజధాని థాంగ్ లాంగ్‌లో రాసిన అక్షరాల కంటే ఆమె ఊరి పెద్ద వైఖరి మీదే ఎక్కువగా ఆధారపడి ఉండాలి.