గొడవపడని రంగుల చేపలు ఏవి వెయ్యాలి? (రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీటి తొట్టి, 150 లీటర్లు)

ప్రశ్న:
అందరికీ నమస్తే. ట్యాంక్ మూడడుగుల పొడవు, లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా పట్టిన రాళ్ళు) పెట్టి ఆరు వారాలైంది, చేపలకి విషమైన అమ్మోనియా నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. కోరల్స్‌లో జోయాలు కొన్ని, ఒక హామర్ కోరల్ ఉన్నాయి. ఇక చేపలు వెయ్యాలి. రంగురంగులుగా ఉండాలి, కొట్టుకోకూడదు, కోరల్స్ జోలికి పోకూడదు. రాసుకున్న లిస్టు ఇదీ: క్లౌన్ జత, బ్లూ టాంగ్, మాండరిన్, బ్లూ డామ్సెల్స్ మూడు. మా పాపకి బ్లూ టాంగే కావాలట, ఒకటే గోల. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు 1:
మొహమాటం వద్దన్నారుగా, క్లౌన్ జత ఉంచి మిగతావి కొట్టేయండి 🙂

బ్లూ టాంగ్ కొనేటప్పుడు అగ్గిపెట్టెంతే ఉంటుంది, పెరిగితే 30 సెంటీమీటర్ల దాకా పోతుంది, రోజంతా ఈదే చేప, మూడడుగుల్లో ఇటు తిరిగితే గాజు అటు తిరిగితే గాజు. వైట్ స్పాట్ (ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చే జబ్బు) వచ్చిందంటే ముందు దానికే.

డామ్సెల్ సంగతి నన్నడగండి. గట్టి చేప, మొదట ఇదే వెయ్యి అన్నారని వేశా. రెండు నెలలు బుద్ధిగానే ఉంది, ట్యాంకంతా తనదే కాబట్టి. తర్వాత ఫైర్ ఫిష్ వేస్తే దాన్ని హీటర్ వెనక మూలకి తరిమి తరిమి తోక చీల్చేసింది. వలకి దొరకదు, చివరికి రాళ్ళన్నీ బకెట్లలోకి తీసి, నీళ్ళు సగం దించి పట్టుకున్నా, ఆదివారం మొత్తం దానికే పోయింది.

మాండరిన్ గొడవ చేప కాదు, పాపం ఆకలితో పోతుంది. రాళ్ళ మీద తిరిగే కంటికి ఆనీ ఆనని కోపీపాడ్స్‌ అనే బుల్లి జీవుల్ని పొద్దస్తమానం ఏరుకు తింటుంది, కొత్త ట్యాంక్‌లో అవి త్వరగా అయిపోతాయి, వేసిన మేత చాలావరకు ముట్టుకోదు. డొక్కలు లోపలికి పోయాక గానీ మనకి తెలీదు.

బదులుగా రాయల్ గ్రామా ఒక్కటి వేస్కోండి. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు, మధ్యలో చుక్కలు చుక్కలుగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, రాతి చూరు కింద తలకిందులుగా ఈదుతుంది. ఇంకా ఫైర్ ఫిష్ ఒకటి. అడుగున ఇసక ఉంటే ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానికి తోడు పిస్టల్ ష్రింప్. రొయ్య గుంత తవ్వుతుంటే గోబీ గుమ్మంలో కాపలా ఉంటుంది, ష్రింప్‌కి చూపు అంతంతే కాబట్టి మీసం ఒకటి చేప మీద ఆనించే ఉంచుతుంది, చేప తోక ఆడించిందా రెండూ లోపలికి. నేనైతే టీవీ మానేశా.

జవాబు 2:
పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ వరస కూడా ముఖ్యం. భయపడేవి ముందు, అంటే ఫైర్ ఫిష్, గోబీ. తర్వాత క్లౌన్లు. గ్రామా చివర్లో, అది తన గుహ దగ్గరికి ఎవరొచ్చినా నోరు తెరిచి బెదిరిస్తుంది, అంతకుమించి పెద్దగా చెయ్యదు. ఒక్కో దానికీ మధ్య రెండు మూడు వారాలు ఆగండి.

ప్రతి చేపనీ కనీసం నాలుగు వారాలు విడిగా ఇంకో తొట్టిలో ఉంచాకే వెయ్యండి. వైట్ స్పాట్ ఒకసారి రీఫ్‌లోకి వచ్చాక కాపర్ మందు అక్కడ వాడలేం, కోరల్స్, రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి. గ్రీన్ క్రోమిస్ గుంపు వేస్కోమని ఎవరన్నా చెప్తే వినకండి, చాలా ట్యాంకుల్లో ఒక్కోటీ తగ్గుతూ చివరికి ఒకటే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి, డామ్సెల్స్ కొట్టేశా. క్లౌన్లకి ఎనిమోన్ (అవి దాక్కునే, పువ్వులా కనిపించే సముద్రజీవి) ఉండాలా? ఆడా మగా ఎలా చూసి తెచ్చుకోవాలి?

జవాబు 1:
ఎనిమోన్ అక్కర్లేదు, ఇప్పుడైతే అసలొద్దు. నచ్చకపోతే నడుచుకుంటూ పోయి పంపులో పడుతుంది, దారిలో కోరల్స్‌ని కుడుతుంది. క్లౌన్లు మీ హామర్‌లోనే కాపురం పెట్టినా పెట్టొచ్చు.

ఆడామగా చూడక్కర్లేదు, పుట్టినప్పుడు అన్నీ మగవే, పెత్తనం చేసేదే పెద్దదై ఆడదవుతుంది. రెండూ చిన్నవి, ఒకటి కాస్త పెద్దది తెచ్చుకోండి, తొట్టిలో పుట్టిపెరిగినవైతే మరీ మంచిది, మేత వెంటనే పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
పాపకి గ్రామా తలకిందులుగా ఈదే వీడియో చూపించా, టాంగ్ ఊసే లేదిప్పుడు. ఫైర్ ఫిష్ దూకుతుందని చదివా, వల మూతకి కొలతలు తీస్తున్నా.

జవాబు 2:
పైపు దూరే కన్నం వదిలెయ్యకండి. నాది అందులోంచే దూకింది.