ఎక్స్‌బాక్స్ 360 నాండ్ చదవడానికి ఏడు వైర్లూ ఏడు రంగుల్లో ఉండాలా?

కొత్తపేట_కుర్రోడు:
నమస్కారమండీ. రాజమండ్రిలో సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌బాక్స్ 360 కొన్నాను. లావు మోడలు, ఫాల్కన్ రకం బోర్డు, 16 ఎంబీ నాండ్ (కన్సోలు సాఫ్ట్‌వేరు ఉండే మెమరీ చిప్పు). ఏ పని మొదలెట్టినా ముందు ఆ చిప్పులో ఉన్నది కాపీ తీసి దాచుకోమని అందరూ చెప్తున్నారు. రాస్‌బెర్రీ పై పీకో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఉంది, దాంట్లో నాండ్ చదివే పీకోఫ్లాషర్ ప్రోగ్రాం ఎక్కించాను. కన్సోలు బోర్డు మీద జే1డీ2, జే2బీ1 అని రాసున్న రెండుచోట్లా కలిపి ఏడు వైర్లు అతకాలి. నా దగ్గర ఒకే రంగు వైరుంది. ఏడు రంగులూ కొనాలా, దీంతో కానిచ్చేయనా?

సోల్డర్_మేస్త్రి:
కానిచ్చేయండి. కరెంటుకి రంగు తెలీదు. పాత కంప్యూటరు ఐడీఈ కేబులు, 80 తీగల రకం, దొరికితే చీల్చుకోండి. సన్నగా 30 గేజి ఉంటుంది, వైరు అతికే రాగి చుక్క, అదే ప్యాడు, దాని మీద బరువు పడదు. మొత్తం బూడిద రంగే. ఎన్ని బోర్డులు చదివానో లెక్కే లేదు, ఒక్కసారీ రంగు చూసుకున్న పాపాన పోలేదు. పొడుగు మాత్రం జానెడు దాటనివ్వకండి.

రంగులరాట్నం:
కరెంటుకి తెలీదు, నిజమే. అతికేవాడికి తెలియాలి కదండీ. పటంలో బొమ్మ పైవైపుది, మనం అతికేది బోర్డు తిప్పి కిందివైపు. అక్కడే కుడి ఎడమలు తారుమారవుతాయి. డేటా పంపే మోసీ తీగ, తెచ్చే మైసో తీగ అటూ ఇటూ అయితే ఫ్లాష్ కాన్ఫిగ్ (చిప్పు రకం చెప్పే నంబరు) అన్నీ సున్నాలు చూపిస్తుంది. అప్పుడు ఏడు బూడిద తీగలు పట్టుకుని ఒక్కోదాన్నీ మల్టీమీటరుతో బీప్ కొట్టించుకుంటూ కూర్చోవాలి. రెసిస్టరు వరస పెట్టుకోండి: ఒకటి గోధుమ, రెండు ఎరుపు, మూడు నారింజ, అలాగ. రంగుల రిబ్బన్ కేబుల్లో అదే వరసలో వస్తాయి. గ్రౌండుకి నలుపు.

సోల్డర్_మేస్త్రి:
ఎరుపు పెట్టమని చెప్పేశారా! అది చూసి ప్లస్సనుకుని 3.3 వోల్టులు ఇచ్చేస్తే ఎవరిది పూచీ? అలా చేసుకొచ్చిన బోర్డులు నా బల్ల మీదికే వస్తాయి.

భీమవరం_ఏరేటర్:
మా చెరువుల దగ్గర నలుపంటే న్యూట్రలండి, మీకేమో గ్రౌండు. ఏరేటరు మోటారుకి రెడ్డు, ఎల్లో, బ్లూల్లో రెండు మారితే ఉల్టా తిరుగుద్ది, అంతే. మీ చిప్పు కాలిపోద్దేంటి?

రంగులరాట్నం:
కాలదండీ. అసలు ఈ ఏడింట్లో వోల్టేజి ఇచ్చే తీగే లేదు. నాలుగు డేటా నడిపే ఎస్‌పీఐవి, రెండు కన్సోలు పవరు చూసుకునే ఎస్‌ఎంసీవి, ఒకటి గ్రౌండు. కన్సోలుకి దాని అడాప్టరు పెట్టి, పవర్ బటన్ నొక్కకుండా ఉంచుతాం. చిప్పుకి కావాల్సిన కరెంటు ఆ స్టాండ్‌బైలోనే అందుతుంది. పీకో పిన్నులు ఎలాగూ 3.3 వోల్టులవే. ఆర్డునో ఊనో లాంటి 5 వోల్టులది తగిలిస్తే భయపడాలి గానీ, ఎర్ర వైరుకి భయమెందుకు?

సోల్డర్_మేస్త్రి:
ఎరుపంటే ప్లస్సు. పుస్తకం తెలియనివాడు కూడా అదే అనుకుంటాడు. అదే నేనంటున్నది.

రంగులరాట్నం:
అయితే ఎరుపు తీసేసి గులాబీ పెట్టుకోమందాం. సరిపోతుందా?

కాకినాడ_కాజా:
రెండు పూటలుగా ఎరుపు దగ్గరే ఆగిపోయాం 😂

లంక_లెక్కలు:
ఎంత చెప్పినా ఇదంతా చివరికి దొంగ గేములకే కదా.

కొత్తపేట_కుర్రోడు:
కాదండీ. ప్రతి బోర్డుకీ దాని సొంత కీవాల్ట్, అంటే రహస్య తాళాల డేటా, ఆ నాండ్‌లోనే ఉంటుంది. అది పోతే ఆ బోర్డుకి డీవీడీ డ్రైవు కూడా కలవదు. అందుకే ముందు కాపీ తీసుకుందామని. ఇంతకీ వైరు సంగతి తేల్చండి బాబూ.

సోల్డర్_మేస్త్రి:
తేలిందే. బూడిద వైరు. రంగుల పిచ్చి ఉన్నవాళ్లు చివరికి లాన్ కేబులు చీల్చి తెస్తారు. అది లోపల ఒంటి తీగ, 24 గేజి, 30 కంటే లావు. ఒక్కసారి వంచితే ప్యాడు పీక్కుని వచ్చేస్తుంది. నీ చేతిలో ఎన్ని పోయాయో నాకు తెలీదనుకుంటున్నావా?

రంగులరాట్నం:
నేను లాన్ కేబులు మాటే ఎత్తలేదు. "నీ చేతిలో" అన్నారంటే గుర్తుపట్టారన్నమాట. నేను మిమ్మల్ని మొదటి పోస్టుకే గుర్తుపట్టాను గురువుగారూ, ఆ బూడిద వైరు చూసి.

అయితే అందరిముందూ చెప్పేస్తాను. మీ కొట్లో ఏ తీగ ఎక్కడికని అడిగితే "చూసి నేర్చుకో" అనేవారు. ఏం చూడాలండీ? ఏడు తీగలూ ఒకటే రంగు! గుర్తుకోసం చివర్లకి రంగు టేపు ముక్కలు అంటిస్తే గోటితో గీకి పారేశారు. కస్టమరు కూడా చూశాడు. ఆ లాన్ కేబులు మీరు ఇంటికెళ్లాక, మీ చెత్తబుట్టలో పడేసిన బోర్డు మీద నేర్చుకోడానికి వాడింది. ప్యాడు లేచింది చచ్చిన బోర్డుకి. దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటున్నారా?

సోల్డర్_మేస్త్రి:
చెప్పుకుంటాను. పని వంటబట్టిన మర్నాడే అదే వీధిలో కొట్టు పెట్టావు. నా నోటుబుక్కులో నంబర్లకే ఫోన్లు చేశావు. నాకెవడు నేర్పాడు? రేడియో కొట్లో దుమ్ము తుడుస్తూ దొంగచూపులు చూసి నేర్చుకున్నాను. రంగులు పెట్టి, పేర్లు రాసి, బల్ల మీద పరిచి నా పొట్ట నేనే కొట్టుకోవాలా? ఆయ్, బూడిద వైరు అందుకే. ఏం చేస్తావు?

రంగులరాట్నం:
ఏమీ చెయ్యను. ఇదే మొదటి రోజు చెప్పుంటే ఎరుపు గురించి ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. నంబర్ల సంగతంటారా, మీరు వారాలకి వారాలు తిప్పుకున్నవాళ్లే నా దగ్గరికొచ్చారు. నా కొట్లో ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లున్నారు. వైరింగు పటం గోడకే అంటించాను.

కాకినాడ_కాజా:
ఆ ఇద్దరూ రేపు నీ ఎదురుగా కొట్టు పెడతారు తమ్ముడూ, రాసిపెట్టుకో.

రంగులరాట్నం:
పెట్టుకోనివ్వండి. పాలకొల్లులో ఇంకో వీధి లేకపోయిందా.

మోడరేటర్:
సొంత గొడవలు ఇక్కడ వద్దండీ. వైరు దగ్గరికి రండి.

కొత్తపేట_కుర్రోడు:
వచ్చానండీ. మేస్త్రిగారు చెప్పిన బూడిద తీగే వాడాను. మా అత్త కుట్టుమిషను డబ్బాలోంచి రంగు దారాలు తీసి రెండు చివర్లా ముడేశాను. కాన్ఫిగ్ 01198010 అని వచ్చింది. ఫైలు సరిగ్గా 17,301,504 బైట్లుంది. కానీ రెండుసార్లు చదివి, ఫైళ్లు పోల్చే ఎఫ్‌సీ కమాండుతో చూస్తే రెండూ ఒకటిగా లేవు. ఏ తీగ చూడాలి?

సోల్డర్_మేస్త్రి:
గ్రౌండు. అక్కడి రాగి పరుపు వేడిని లాగేస్తుంది, అతుకు పైపైన కూర్చుని ఉంటుంది. సోల్డరింగ్ ఐరను ఇంకాస్త సేపు ఆనించి మళ్లీ అతుకు. కాపీలు ఒకటయ్యేదాకా చిప్పులోకి ఏదీ రాయకు. ఎన్నిసార్లు చదివినా దానికేం కాదు.

రంగులరాట్నం:
ముందు తీగల పొడుగు కొలవండి. గ్రౌండు తర్వాత. ఆ కొట్లో ఏ రోగానికైనా గ్రౌండే మందు.

సోల్డర్_మేస్త్రి:
జానెడు దాటొద్దని మొదటి పోస్టులోనే రాశాను. చదవడం కూడా నేనే నేర్పాలా?