అయాసోఫియా గుమ్మటం మీది వాక్యం: మిష్కాత్‌కి తెలుగేంటి?

ఇస్తాంబుల్ అయాసోఫియా (హాగియా సోఫియా) మసీదు గుమ్మటం లోపలివైపు నడిమధ్యన ఖురాన్ వాక్యం రాసుంటుంది, నూర్ అనే సూరా(అధ్యాయం)లో 35వది. అల్లాహ్ ఆకాశాలకీ భూమికీ వెలుగు, ఆ వెలుగు మిష్కాత్‌లో ఉన్న దీపంలాంటిది, దీపం గాజులో ఉంది, ఆ గాజు మెరిసే చుక్కలా ఉంది... ఇలా సాగుద్ది. మిష్కాత్ అనే ఆ అరబ్బీ మాటని ఒకాయన "గోడలో తొర్ర" అని తెలుగు చేశాడు, చదవలేకపోయా. మీరేమంటారు?

— తొర్ర చెట్టుకుంటుందండీ, గోడకెక్కడిది! గూడు అనండి, గూట్లో దీపం నోట్లో ముద్ద అంటాం కదా, ఆ గూడే. పాత మట్టిగోడల్లో పైన మసిపట్టి నల్లగా ఉండేది చూడండి. అరబ్బీలో కూడా అవతలికి కన్నం పోని గోడగూడు అనే చెప్తారు, వెలుగంతా ముందుకే పడాలి మరి.

— గుమ్మటం మీది రాత 1453లో ఒట్టోమన్ సుల్తాను మెహ్మెద్ ఆ ఊరిని గెలిచిన రోజుల్లో రాయించింది అనుకుంటారు చాలామంది, కాదు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 532–537లో కట్టించిన చర్చి 1453లో మసీదైంది నిజమే కానీ ఇప్పుడు కనిపించే రాత ముస్తఫా ఇజ్జత్ అనే లిపికారుడిది, అంటే 19వ శతాబ్దం. గోడలకి వేలాడే ఎనిమిది పెద్ద గుండ్రటి పలకలూ ఆయనవే, ఒక్కోటి ఏడున్నర మీటర్లు, మ్యూజియం చేసినప్పుడు దించారు గానీ గుమ్మంలోంచి బయటికి పట్టక లోపలే ఉండిపోయి 1949లో మళ్ళీ ఎక్కాయి 😀 2020లో తిరిగి మసీదు చేసినప్పుడు గ్రీకు క్రైస్తవులు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయముంది, అయినా ఆ చోటికి ఈ వాక్యాన్ని ఎంచుకోవడం మాత్రం గొప్ప ఎంపికే అంటా. గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు, ఆ వెలుగు మధ్యలో వెలుగు గురించిన మాట. అందులోనే తూర్పుదీ పడమరదీ కాని ఆలివ్ చెట్టు నూనె అని కూడా వస్తుంది.

— గూడు అంటే ఇప్పటి పోరగాళ్ళు పిట్టగూడు అనుకుంటరన్నా. మా దిక్కు దిగూడు అంటరు, దిగుట్ల దీపం వెట్టు అనేది మా అవ్వ. అది రాస్తె గొడవే లేదు.

— దిగూడు బాగుంది అన్నా, అదే పెడతా. మరి గాజుకి చిమ్నీ అననా?

— చిమ్నీ అంటే కిరసనాయిలు వాసనొస్తది, నూనె దీపం కదా అది. గాజు ప్రమిద అను.