శుద్ధి చేసిన మురుగునీటిని విశాఖకు తాగునీరిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయంలో కలపవచ్చా?

లెక్కల మాస్టారు: ఏటా వేసవి వస్తే విశాఖలో నీళ్ల గోలే. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది నగరాలకు పెట్టిన ప్రమాణం. అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్ల లెక్క. పది లక్షల మందికి 10.8 కోట్ల లీటర్లు! అంత నీటిని సముద్రం పాలు చేసి, మళ్లీ రైవాడ, తాటిపూడి జలాశయాల వైపు చూడటం ఏమి తెలివి? సింగపూర్‌లో వానలు లేనప్పుడు శుద్ధి చేసిన నీటిని జలాశయాల్లోనే కలుపుతారు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి తాగుతున్నారు.

గెడ్డగట్టు: ముందు మీరు ఒక గ్లాసు తాగి చూపించండి.

లెక్కల మాస్టారు: సింగపూర్‌లో మామూలు శుద్ధి అయ్యాక సన్నని పొరల వడపోత, రివర్స్ ఆస్మోసిస్, ఆపైన అతినీలలోహిత కిరణాలు. అవన్నీ పెట్టాకే కలపమంటున్నాను.

గెడ్డగట్టు: గ్లాసు సంగతి చెప్పలేదు.

పెందుర్తి శ్రీను: మా కుళాయికి ఏ నీళ్లు వచ్చినా సంతోషమే. ముందు రానివ్వండి.

గెడ్డగట్టు: నవ్వులాట కాదు. అర్ధరాత్రి దాటాక సెప్టిక్ ట్యాంకు లారీ మా ఇంటి వెనక ఆగుతుంది. లైట్లు ఆర్పి, లావుపాటి గొట్టం గెడ్డవాగులోకి దించి వాల్వు తిప్పుతారు. పది నిమిషాల పని. కిటికీలు మూసినా అన్నం సహించదు. లారీ నంబరుతో సహా ఫిర్యాదు చేశాను. సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రాత్రి లారీ కూడా వచ్చింది.

లెక్కల మాస్టారు: నేను చెప్పేదీ అదే! జలాశయం ఎగువన, కొత్తవలస దాకా కాలనీలు లేచాయి. వాటి మురుగు వానకు ఎటు పోతుంది? శుద్ధి చేయనిది కలిస్తే మాట్లాడరు, చేసినది కలుపుదామంటే గ్లాసు పట్టుకొస్తారు.

గెడ్డగట్టు: మాట్లాడకపోవడమా? ఆ లారీలను పిలిపించేది మీలాంటి అపార్ట్‌మెంట్లవాళ్లు కాదా?

లెక్కల మాస్టారు: నోరు అదుపులో పెట్టుకోండి. మాకు సొంత శుద్ధి ప్లాంటు ఉంది.

మూడో అంతస్తు: మాస్టారూ, నేను మీ పై ఇంట్లోనే ఉంటాను. రాత్రి పదింటికి ప్లాంటులో గాలి ఊదే బ్లోయరు ఆపించమని కిందటి సమావేశంలో చెప్పింది మీరే కదా, కరెంటు బిల్లు ఎక్కువవుతోందని. గాలి అందక మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చిపోతున్నాయి. తొట్టిలో నీరు గోధుమరంగులో ఉండాల్సింది, తారులా నల్లబడింది.

లెక్కల మాస్టారు: సగం ఫ్లాట్లు నిర్వహణ సొమ్ము కట్టవు. రెండు నెలలు నా పింఛనులోంచి కట్టాను. ఎవరైనా అడిగారా?

గెడ్డగట్టు: అయ్యో, మీ జేబులోంచి కట్టడం అన్యాయమే. కానీ మాస్టారూ, నా భయం సింగపూర్ యంత్రం మీద కాదు. దాని కరెంటు బిల్లు చూసి ఎవరో ఒకరు రాత్రిళ్లు ఆపేయమంటారు, పొద్దున్న కాగితంలో మాత్రం అంతా బాగుందని రాస్తారు. మీరు మంచివారే. అయినా ఆపించారు.

పెందుర్తి శ్రీను: ఇప్పుడు టైము పదిన్నర. బ్లోయరు తిరుగుతోందా?

లెక్కల మాస్టారు: కిందికి దిగి చూసి వచ్చాను. తిరగడం లేదు. స్విచ్చు గదికి తాళం వేసి వాచ్‌మన్ ఇంటికి వెళ్లిపోయాడు.